పదిహేడో కారణం

ఆ ఊళ్ళో ఆమెను అందరూ ఒత్తులక్క అనేవారు. అసలు పేరుతో పిలిచేవాళ్ళు మిగల్లేదు. ఊరికున్న ఒకే ఒక్క ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం ఆమె పని. కంప్యూటర్ దగ్గర కూర్చునే అమ్మాయి ఎంత జాగ్రత్తగా కొట్టినా ఎక్కడో ఒక ఒత్తు జారిపోయేది. అది ఈమె కళ్ళను మాత్రం దాటిపోయేది కాదు. ఒకసారి ఎన్నికల్లో నిలబడ్డ ఒక పెద్దమనిషి "చిత్తశుద్ధితో సేవ చేస్తాను" అని కరపత్రం రాయించుకుంటే అది "చితశుద్ధితో సేవ చేస్తాను" అని వచ్చింది. ఐదు వేల కాపీలు మిషను ఎక్కబోతుండగా ఆమె పట్టుకుంది. ఆ పెద్దమనిషి గెలిచాక ఊరికి ఏం చేశాడో ఎవరికీ గుర్తు లేదు గానీ, ఆమెకు మాత్రం ఒక గొడుగు పంపించాడు. ఆ పేరు అప్పటినుంచి నిలిచిపోయింది.

ఊరు కొండ మీద ఉంది. రాజధాని కింద మైదానంలో ఉంది. ఘాట్ రోడ్డు దిగి, ఆ పైన ఇంకో రెండు గంటలు పోవాలి. కొండ మీది రాయి లారీలెక్కి కిందికి పోతుంది. కొండ మీది వాగుకు ఆనకట్ట కట్టి తీసిన కరెంటూ కిందికే పోతుంది, పైన మాత్రం రోజుకు రెండుసార్లు తీసేస్తారు. ఆసుపత్రి మూడుసార్లు మంజూరైంది. మూడుసార్లూ కిందనే ఎక్కడో కట్టారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు, సొంతంగా చందాలేసుకుని కట్టుకుంటామంటే దానికీ అనుమతి రాలేదు. ఐదేళ్ళుగా కొండవాళ్ళు వేరుపడతామంటున్నారు. వేరు జిల్లా కాదు, వేరు దేశమే. మొదట్లో నవ్వినవాళ్ళు కూడా తర్వాత తర్వాత ఊరేగింపుల్లో కనబడ్డారు. చివరికి రాజధాని దిగివచ్చి, సరే, వోటు పెడదాం, మీ జనాన్నే చెప్పనివ్వండి అంది. చీటీ మీద రెండే మాటలు ఉంటాయన్నారు: "కలిసి", "విడిగా".

వోటుకు మూడు వారాలుందనగా ఒత్తులక్క తమ్ముడు ప్రెస్సుకు వచ్చాడు. హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఉద్యమ కమిటీకి కార్యదర్శి. చిన్నప్పటినుంచీ ఏ విషయమైనా అంకెలు వేసి చెప్పడం అతనికి అలవాటు. ఇంట్లో అన్నం వద్దంటే కూడా ఒకటి, రెండు, మూడు అని కారణాలు చెప్పేవాడు.

"అక్కా, ఇది మన ప్రాణం అనుకో. జాగ్రత్తగా చూడు" అని కాగితాల కట్ట బల్ల మీద పెట్టాడు. పైన పెద్ద అక్షరాలతో ఉంది: మేమెందుకు వేరుపడాలి? ముప్పై ఒక్క కారణాలు.

మర్నాడు టైపు ప్రూఫు ఆమె చేతికి వచ్చింది. ఎర్ర పెన్ను తీసుకుని మొదలుపెట్టింది. ఆమెకొక పద్ధతి ఉంది. మొదటిసారి అక్షరాలు మాత్రమే చూస్తుంది, అర్థం జోలికి పోదు. అర్థంలో పడితే కన్ను పరుగు తీస్తుంది, తప్పులు దాక్కుంటాయి. అలాగే పదహారు కారణాలు దాటింది. పదిహేడో దాంట్లో "గుండెనొప్పి" అన్న మాటకు "ప" కింద ఒత్తు పోయింది. గీత గీసి, పక్కన ఒత్తు పెట్టింది. ఆ ఒత్తు పెట్టాక గానీ ఆ గుండె ఎవరిదో ఆమెకు తట్టలేదు.

"పదిహేడు. నాలుగేళ్ళ కిందట బస్సు డిపో మెకానిక్ ఒకరు గుండెనొప్పితో అల్లాడుతుంటే ప్రభుత్వ అంబులెన్సు మూడు గంటలు ఆలస్యంగా వచ్చింది. ఆయన ఘాట్ రోడ్డు మీదే ప్రాణాలు విడిచారు. కొండవాడి ప్రాణానికి రాజధాని కట్టిన విలువ ఇది."

ఆ మెకానిక్ ఆమె భర్త.

పెన్ను మూత పెట్టేసింది. అందులో రాసింది అబద్ధమని అనడానికి లేదు. నిజమనీ అనడానికి లేదు.

ఆ రోజు పొద్దున్న ఆరింటికి ఆయన ఛాతీ రుద్దుకుంటూ లేచాడు. గ్యాసు అన్నాడు. ఆసుపత్రికి పోదామంటే, "ఈ కాస్త దానికి కొండ దిగాలా? డిపోలో రెండు ఇంజన్లు విప్పి పెట్టి ఉన్నాయి" అని కసిరాడు. ఆమె కూడా గట్టిగా పట్టుబట్టలేదు. ఆ రోజు ప్రెస్సులో స్కూలు వాచకం ప్రూఫు ముగించాలి. గంటలో వస్తానని వెళ్ళింది. తొమ్మిది కావస్తుండగా తిరిగి వచ్చేసరికి ఆయన వంటింటి గడపకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, చొక్కా మొత్తం చెమటతో తడిసిపోయి. అప్పుడు ఫోన్ చేసింది. అంబులెన్సు కింద నుంచి యాభై నిమిషాల్లో ఘాట్ రోడ్డు సగం ఎక్కేసింది. ఇటు నుంచి డిపోవాళ్ళు ఆయన్ని వ్యానులో పడుకోబెట్టి, ఆమెనూ ఎక్కించుకుని దిగారు. రెండూ పదో మలుపు దగ్గర ఎదురెదురుగా ఆగిపోయాయి. మధ్యలో దుంగలు, టైర్లు, అడ్డంగా నిలబెట్టిన లారీ. ఆ రోజు కమిటీవాళ్ళ మొదటి బంద్.

అడ్డం కూర్చున్న కుర్రాళ్ళు చెడ్డవాళ్ళు కారు. అంబులెన్సులకు కార్యదర్శి సంతకంతో చీటీ ఇస్తారు, ఆ చీటీ ఉంటే వదలమన్నారు, మాకు చెప్పింది అదే అన్నారు. కార్యదర్శికి ఫోన్ మీద ఫోన్ చేశారు. కార్యదర్శి ఆ సమయంలో గడియారం సెంటర్లో మైకు ముందు ఉన్నాడు. నలభై నిమిషాలు గడిచాయి. చివరికి అంబులెన్సు డ్రైవరు, అతనితో వచ్చిన నర్సు స్ట్రెచరు భుజాన వేసుకుని దుంగల మీదుగా ఎక్కి ఇటు వచ్చారు. డ్రైవరు మైదానంవాడు, భారీ మనిషి, రొప్పుతున్నాడు. వాళ్ళు ఆయన్ని అవతలి పక్కకు చేర్చేలోపే అయిపోయింది. ఆ డ్రైవరు రోడ్డు పక్కన రాతి మీద కూర్చుని ఏడ్చాడు. ఆమెకప్పుడు ఏడుపు రాలేదు, అతన్ని చూస్తూ నిలబడింది.

ఊళ్ళో ఎవరో ఆరింటి నుంచి తొమ్మిదింటిదాకా లెక్కపెట్టి మూడు గంటలన్నారు. ఆ మూడు గంటలు నోట నోట తిరిగి అంబులెన్సు నెత్తిన కూర్చున్నాయి. మలుపు దగ్గర ఉన్నవాళ్ళెవరూ నోరు విప్పలేదు, ఆమె కూడా ఎవరికీ దిద్దలేదు. దిద్దాలంటే తాను ప్రెస్సుకు వెళ్ళిన సంగతి నుంచి మొదలుపెట్టాలి. ఆ తర్వాత తమ్ముడి పేరు ఎత్తాలి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. పైగా, కొండ మీద ఆసుపత్రే ఉండి ఉంటే ఈ గంటలూ మలుపులూ చీటీలూ ఏవీ అక్కర్లేకపోయేవి. ఆ మాట కూడా నిజమే. అందుకే ఎటు తిప్పి చూసినా ఆమెకు లెక్క తేలేది కాదు.

ప్రూఫు ఇంకా ఆమె దగ్గరుండగానే, రెండు రోజుల తర్వాత ఇంకో రాతప్రతి వచ్చింది. తెచ్చింది ఆమె ఆడపడుచు.

ఊరికి ఉత్తరాన రాతి గనుల కాలనీ ఉంది. రెండు తరాల కిందట గనుల పనికని మైదానం నుంచి వచ్చినవాళ్ళు. భర్తది ఆ కాలనీయే. ఆడపడుచు ఇప్పటికీ అక్కడే ఉంటుంది, గని గేటు దగ్గర లారీలు తూచే కాటా నడుపుతుంది. లోడు ఎక్కువైతే ఎంత పెద్ద కాంట్రాక్టరు లారీ అయినా వెనక్కి పంపేస్తుందని పేరు. వోటు ప్రకటించిన దగ్గర్నుంచి కాలనీవాళ్ళకు నిద్రలేదు. కొండ వేరుపడితే తమను ఉండనిస్తారో, మైదానంవాళ్ళని వెళ్ళగొడతారో తెలియదు.

"వదినా, ఇది మాది" అంది ఆడపడుచు. "కొండ వేరుపడితే మేం కొండ నుంచి వేరుపడతాం. పాత ప్రభుత్వంతోనే ఉంటాం. దానికి కారణాలు."

ఒత్తులక్క రెండు పేజీలు తిరగేసి తలెత్తింది. "ఇది మా తమ్ముడు రాసిందే కదా."

"ఎక్కడో కాపీ దొరికింది. మాస్టారు బాగా రాశాడు, మళ్ళీ కొత్తగా రాయడం దేనికి? 'రాజధాని' అన్నచోట 'కొండవాళ్ళు' అని పెట్టాం, 'కొండవాళ్ళు' అన్నచోట 'కాలనీవాళ్ళు' అని పెట్టాం. అంతే, కుదిరిపోయింది."

నిజంగానే కుదిరిపోయింది. మా గోడు విన్నవాళ్ళు లేరు. మా చెమట వాళ్ళ ఆదాయం. మా బడికి మాస్టర్లు రారు. అర్జీలు పెట్టాం, జవాబు రాలేదు. ఒక్క వాక్యం కూడా కుంటలేదు. ఒత్తులక్క వేలితో వరసగా కిందికి దిగుతూ పదిహేడు దగ్గర ఆగింది.

"పదిహేడు. నాలుగేళ్ళ కిందట మా కాలనీ బిడ్డ, బస్సు డిపో మెకానిక్, గుండెనొప్పితో ఉంటే, కొండవాళ్ళ బంద్ అంబులెన్సును ఆపేసింది. కాలనీవాడి ప్రాణానికి కొండ కట్టిన విలువ ఇది."

"నీకెవరు చెప్పారు?" అంది ఒత్తులక్క నెమ్మదిగా.

"ఆ రోజు అడ్డం పెట్టిన లారీ మా గనిదే. డ్రైవరు మొన్న చెప్పాడు. అన్నయ్యని ఎవరు చంపారో నీకు తెలుసు, నువ్వు చెప్పలేదు. తమ్ముడని." అని కాగితాలు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఒత్తులక్క రెండు కట్టలూ తీసుకుని ప్రెస్సు యజమాని గదిలోకి వెళ్ళింది. ఊరంతా ఆయన్ని బాబాయ్ అంటారు. డెబ్బై దాటినా ఇంకు డబ్బాలు తనే మూత తీసి వాసన చూసే మనిషి.

"బాబాయ్, ఈ రెండూ మనమే వెయ్యాలా?"

"వెయ్యకపోతే వాళ్ళు కిందికి పోయి వేయించుకుంటారు. చావు కార్డుకీ పెళ్ళి కార్డుకీ మన దగ్గర ఒకటే ఇంకు. అక్షరం మనది, అర్థం వాళ్ళది."

"చచ్చినవాడు నావాడైతే?"

ఆయన కళ్ళద్దాలు తీసి, పంచె కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. పదిహేడో నంబరు రెండు చోట్లా చదివాడు.

"అప్పుడు నువ్వు ప్రూఫులు దిద్దే మనిషివి కాదమ్మా, కేసులో పార్టీవి. వేరేవాళ్ళతో దిద్దిద్దాం."

"వేరేవాళ్ళెవరున్నారు?"

"ఎవరూ లేరు" అని ఒప్పుకున్నాడు. "నన్నడిగితే నేను కూడా ఎటు వెయ్యాలో తెలియకుండా ఉన్నాను. పొద్దున్న పేపరు చదివితే విడిగా, సాయంత్రం మా ఆవిడ మాట్లాడితే కలిసి" అన్నాడు.

ఆదివారం పొద్దున్న ఇద్దర్నీ ఇంటికి పిలిచింది. ఇద్దరికీ రెండోవాళ్ళు వస్తున్నారని చెప్పలేదు. తమ్ముడు ముందు వచ్చి పేము కుర్చీలో కూర్చున్నాడు. ఆడపడుచు గుమ్మంలో అతన్ని చూసి ఒక్క క్షణం ఆగి, లోపలికొచ్చి ట్రంకుపెట్టె మీద కూర్చుంది. ఒకప్పుడు ఈ ఇద్దరూ ఎదురుపడితే ఇల్లు దద్దరిల్లేది. అతను మరదలా మరదలా అని ఏడిపించేవాడు, ఆమె అతని ఎక్కాలకు వంకలు పెట్టేది. ఇప్పుడు ఇద్దరూ ఎదురుగోడ మీది క్యాలెండరు చూస్తున్నారు.

ఒత్తులక్క రెండు ప్రూఫులూ పక్కపక్కన బల్ల మీద పెట్టింది. తమ్ముడు రెండోది చదువుతుంటే ముఖం జేవురించింది.

"ఇది వెక్కిరింత" అన్నాడు.

"వెక్కిరింత కాదు మాస్టారూ. మీకు పనికొచ్చిన న్యాయం మాకు పనికి రాదా?"

"మాది వేరు. ఇరవై రెండు అర్జీలు పెట్టాం. ఏడుసార్లు మనుషుల్ని పంపాం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. మీరు మాకు ఒక్క అర్జీ పెట్టారా?"

"మీకింకా ప్రభుత్వమే లేదు, అర్జీ ఎక్కడ పెట్టాలి? మాది వేరు అంటున్నావే, సరిగ్గా ఆ మాటే రాజధాని మీతో అంది."

"అంటే ఏంటి, ఎంత తన్నినా పడి ఉండాలా? రోజూ కొట్టే మొగుణ్ణి ఆడది వదిలేస్తే తప్పంటావా?"

ఆడపడుచు తన మొగుణ్ణి అందుకే వదిలేసింది, ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. తమ్ముడు అనేశాక నాలిక్కరుచుకున్నాడు.

"తప్పు కాదు" అంది ఆమె. "కానీ నేను బయటికొచ్చినప్పుడు పిల్లని నువ్వెవరి దగ్గరుంటావని అడిగాను. మీరు మమ్మల్ని అడిగారా?"

"వోటుందిగా. అదే అడగడం."

"మేం నాలుగు వేలమంది. మీరు లక్ష పైన. మమ్మల్ని కలిపి లెక్కపెడితే మా నోరు ఎక్కడ వినబడుతుంది? మీరు ఎక్కువమంది కాబట్టి మీదే న్యాయం అంటే, రాజధానిలో మీకంటే ఎక్కువమంది ఉన్నారు. అప్పుడు ఒళ్ళెందుకు మండింది?"

"నీ లెక్కన పోతే ఆఖరికి ఇంటికో జెండా ఎగరెయ్యాలి. మీ కాలనీలో మూడో లైనుకి కుళాయి రాకపోతే వాళ్ళూ వేరుపడతారు."

"పడనీ. వాళ్ళకి కుళాయి ఇవ్వకపోవడం మా తప్పే కదా."

"మరి అదే కదా నేను చెప్పేది" అన్నాడు తమ్ముడు.

"నేను చెప్పేదీ అదే" అంది ఆడపడుచు. ఇద్దరూ ఒకే మాట అన్నట్టు ఇద్దరికీ అర్థమై, ఇద్దరికీ చిరాకు వేసింది.

ఒత్తులక్కకు తల తిరిగిపోతోంది. తమ్ముడు మాట్లాడుతున్నంతసేపూ న్యాయం అతని పక్కనే ఉన్నట్టుంది. ఆడపడుచు నోరు విప్పగానే లేచి అటు వెళ్ళి కూర్చుంటోంది. తనకు చదువు తక్కువై ఇలా ఉందా, లేక వాళ్ళిద్దరికీ ధైర్యం ఎక్కువై అలా ఉన్నారా అని ఆలోచించింది. ఒకటి మాత్రం తనకు తెలుసు. అది చెప్పడానికే పిలిచింది.

"పదిహేడోది రెండిట్లోంచీ తీసెయ్యండి" అంది. "లేదంటే మొత్తం రాయండి."

"మొత్తం అంటే?" అన్నాడు తమ్ముడు.

చెప్పింది. ఆరింటికి నొప్పి రావడం దగ్గర్నుంచి మొదలుపెట్టింది. తాను ప్రెస్సుకు వెళ్ళిన సంగతి దాచలేదు. అంబులెన్సు యాభై నిమిషాల్లో వచ్చిందన్నప్పుడు తమ్ముడు తల పైకెత్తాడు. పదో మలుపు, దుంగలు, లారీ. చీటీ మాట రాగానే, "ఏ చీటీ?" అన్నాడు.

"కార్యదర్శి సంతకం ఉన్న చీటీ. నీకు ఫోన్లు చేశారు. నువ్వు మైకు ముందున్నావు."

చీటీల పద్ధతి పెట్టింది అతనే. అడ్డమైనవాళ్ళూ అంబులెన్సు పేరు చెప్పి దూరిపోతారని, ప్రతి దానికీ ఒక నంబరు వేసి ఇస్తే లెక్క సరిగ్గా ఉంటుందని. చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. తర్వాత లేచి, చెప్పులేసుకుని, వెళ్ళొస్తానని కూడా అనకుండా మెట్లు దిగిపోయాడు.

ఒత్తులక్క ఆడపడుచు వైపు తిరిగింది. ఆమె ముఖంలో గెలిచిన కళ లేదు.

"పొద్దున్న ఆరింటికే వచ్చిందా నొప్పి?" అంది.

"ఆరింటికే."

"నువ్వు ప్రెస్సుకెళ్ళావు."

"వెళ్ళాను."

"నాకు ఒక్క ఫోన్ చేస్తే పది నిమిషాల్లో వచ్చి ఈడ్చుకుపోయేదాన్ని కదా, వదినా. అన్నయ్య నీ మాట వినేవాడు కాదు, నా మాట వినేవాడు." తన ప్రూఫు మడిచి చేతిలో పట్టుకుంది. గుమ్మం దాటేముందు, "నువ్వు చెప్పినవన్నీ నిజమే కావచ్చు. మేం రాసిందీ అబద్ధం కాదు. బంద్ వల్ల ఆగింది. అది ఉంటుంది" అంది.

ఆమె అన్నట్టే ఉంచింది. తమ్ముడు మాత్రం మర్నాడు స్కూలు ప్యూనుతో ప్రూఫు పంపాడు. పదిహేడో కారణం మీద పెన్నుతో అడ్డంగా గీత. పదహారు తర్వాత పద్దెనిమిది. కంప్యూటర్ అమ్మాయి వరస సరిచెయ్యబోతే ఒత్తులక్క ఆపి, అతనికి ఫోన్ చేసి అడిగింది. "నంబర్లు మార్చొద్దక్కా. అలాగే ఉండనీ" అన్నాడు, పెట్టేశాడు. లెక్కల మాస్టారు అలా అనడం ఆమెకు వింతగా తోచింది.

రెండు పుస్తకాలూ ఒకే రోజు బయటికి వెళ్ళాయి. కమిటీ పుస్తకంలో పదిహేడు లేదన్న సంగతి రెండో రోజుకే ఊరంతా పాకింది. ప్రభుత్వం తీయించేసిందని కొందరన్నారు. అది రాయడానికి వీల్లేనంత ఘోరమైన విషయమని ఇంకొందరు. టీ కొట్టు దగ్గర ఒకాయన పదిహేడోది తన పింఛను సంగతేనని ఖాయంగా చెప్పాడు. కాలనీ పుస్తకంలోని పదిహేడు చదివి ఆ డిపో మెకానిక్ మీ ఆయనేనా అని ప్రెస్సుకొచ్చి అడిగినవాళ్ళూ ఉన్నారు. అవునంది. అంతకుమించి అడిగితే పని ఉందని చెప్పింది.

వోటు రోజు స్కూల్లో పొడుగాటి వరసలు. ఆమె చీటీ పట్టుకుని అట్టల మరుగున నిలబడింది. రెండే మాటలు. ఒకటి చూస్తే ఘాట్ రోడ్డు కింద ఉన్న మూడు ఆసుపత్రులు గుర్తుకొచ్చాయి. రెండోది చూస్తే పదో మలుపు. బయట ఎవరో దగ్గారు, తొందర చెయ్యమన్నట్టు. "విడిగా" అన్నదాని ఎదురుగా ముద్ర వేసి, మడిచి, డబ్బాలో వేసి బయటికొచ్చింది. స్కూలు గేటు దాటేలోపే తప్పు చేశాననిపించింది. రెండోదానికి వేసినా ఇక్కడికొచ్చేసరికి ఇలాగే అనిపించేదని కూడా అనిపించింది. ఇంటికెళ్ళి రెండు బకెట్ల బట్టలు ఉతికింది.

"విడిగా" గెలిచింది, నూటికి యాభై మూడు. గడియారం సెంటర్లో బాణసంచా కాల్చారు. గనుల కాలనీలో నూటికి తొంభై "కలిసి" అని వేశారు. రాజధాని ప్రజల తీర్పును గౌరవిస్తున్నామని, చర్చలకు సంఘం వేస్తున్నామని, ఆ సంఘం రెండేళ్ళలో నివేదిక ఇస్తుందని ప్రకటించింది. అదే ప్రకటన చివరి పేరాలో కొండ మీద ఆసుపత్రికి నాలుగోసారి మంజూరు. గెలిచామా ఓడామా అని కొండవాళ్ళు ఒకరినొకరు అడుగుతుండగానే, కాలనీవాళ్ళు తమ రోడ్డుకు అడ్డంగా ఒక వెదురు గడ కట్టి, మా కారణాలకు జవాబు చెప్పిందాకా కొండవాళ్ళ బళ్ళు రాకూడదన్నారు. గడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నది ఆడపడుచు.

గడ కట్టిన మూడో రోజు సాయంత్రం తమ్ముడు అక్క ఇంటికి వచ్చాడు. ఆ ఆదివారం తర్వాత రావడం అదే మొదటిసారి. మనిషి చిక్కిపోయాడు. జేబులోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు.

"కాలనీకి కమిటీ తరఫున ఉత్తరం. ఒకసారి చూడు."

చదివింది. మీ ఆవేదన మాకు తెలుసు. విడిపోవాలనుకోవడం తొందరపాటు. సంయమనం పాటించండి. సమస్యలు ఒక్కొక్కటిగా పరిష్కరిస్తాం. మొదటి బంద్ తర్వాత రాజధాని నుంచి వచ్చిన ఉత్తరం ఆమెకు కళ్ళ ముందు కదిలింది. దాన్ని కరపత్రంగా అచ్చేసి ఊరంతా పంచి, సెంటర్లో తగలబెట్టించింది ఇతనే.

"ఇది..." అని మొదలుపెట్టింది.

"తెలుసక్కా. రాశాక నాకే తెలిసింది. నాలుగుసార్లు చింపాను. ఇంకెలా రాయాలో తెలియలేదు."

లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. తాగి, గ్లాసు చేతిలోనే తిప్పాడు.

"ఆ రోజు మలుపు దగ్గర బావ ఏమైనా అన్నాడా?" అని అడిగాడు.

నాలుగేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఎన్ని గంటలని అడిగారు, ఎవరు ఆపారని అడిగారు. ఆయన ఏమన్నాడని ఎవరూ అడగలేదు.

"అన్నాడు" అంది. "వ్యానెందుకు ఆగిందని డిపోవాళ్ళని అడిగాడు. బంద్, సొంత ప్రభుత్వం కావాలని అడుగుతున్నారు అని చెప్పారు. 'అడగాల్సిందే. కానీ ముందు నన్ను పోనివ్వమనండి' అన్నాడు. అంతే. తర్వాత మాట్లాడలేదు."

మొదటి మాట తమ్ముడి కమిటీకి చెబితే గోడల నిండా రాసుకునేవారు. రెండోది కాలనీకి చెబితే వాళ్ళు రాసుకునేవారు. అందుకే రెండూ తనలోనే అట్టిపెట్టుకుంది. ఇప్పుడు అతనికి రెండూ ఒకేసారి చెప్పింది, విడగొట్టకుండా.

తమ్ముడు తల వంచుకున్నాడు. ఏడుస్తున్నాడో లేదో ఆమె చూడలేదు. కొంతసేపటికి ఉత్తరం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పంపమంటావా, వద్దంటావా?"

"నాకు తెలీదురా."

"నువ్వు ఎటు వేశావు?"

"విడిగా. ఎందుకేశావని అడక్కు."

అతను లేచాడు. ఉత్తరం పంపలేదు. మర్నాడు స్కూలు అయిపోయాక నడుచుకుంటూ కాలనీ రోడ్డుకు వెళ్ళి, వెదురు గడకు ఇవతల నిలబడ్డాడట. ఆడపడుచు చూసింది. గడ ఎత్తలేదు, పొమ్మనీ అనలేదు. కాసేపయ్యాక కాలనీలోంచి ఒక కుర్చీ తెప్పించి గడ మీదుగా ఇవతలికి అందించింది. చీకటి పడేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారని ఒత్తులక్క తర్వాత ఇద్దర్నీ విడివిడిగా అడిగింది. కుళాయిల సంగతి అని అతను చెప్పాడు. అన్నయ్య సంగతి అని ఆమె చెప్పింది. మర్నాడు కూడా గడ అక్కడే ఉంది. తమ్ముడు మళ్ళీ వెళ్ళాడు.